దనహా స్నానం

నదిలో స్నానానికి పోయే మనిషి చొక్కా చేతులకి నూనె పూసుకుని పోతాడా?

స్వరూప ఈ మాట పైకి అనలేదు. స్టేషన్ బల్ల మీద పరిచిన తెల్ల చొక్కాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కుడి చేతి అంచున నాలుగైదు నూనె మరకలు, వాటి పక్కనే వేలు తుడుచుకున్నట్టు మసి. చొక్కాతో పాటు ఒక పంచె, ఒక జత చెప్పులు, కళ్ళజోడు. మంగళవారం పొద్దున చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున ఇవన్నీ చక్కగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి దొరికాయి. వాటిని వేసుకునే మనిషి ఇంకొంచెం దిగువన, ఇసుక మేట దగ్గర దొరికాడు. ప్రాణం లేదు.

ఆ మనిషి పేరు వర్కీ. కేరళ నుంచి కుర్రతనంలో బొగ్గు బావుల్లోకి ఎలక్ట్రీషియన్‌గా వచ్చాడు. ఇక్కడి పిల్ల లీలాబాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పోయినా, రిటైరైనా తిరిగి తన ఊరికి పోలేదు. బొగ్గు బావుల చుట్టుపక్కల ఆయన్ని అందరూ కేరళ సారు అనే పిలుస్తారు. ఒక్కతే కూతురు, నిఖిత. కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. నిన్న సాయంత్రం అక్కడి మంకమ్మతోటలోని స్వరూప ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే, మా అప్ప ఎట్ల సచ్చిపోయిండో నాకు తెలవాలె మేడం అని ఏడ్చిన పిల్ల ఆమే. తండ్రిని ఆయన భాషలోనే అప్ప అని పిలుస్తుంది.

బల్లకి అవతల సీఐ ప్రేమ్‌సాగర్ టీ తాగుతున్నాడు. ఒకప్పుడు కొత్త ఎస్సైగా వచ్చి, పంచనామా ఎలా రాయాలో స్వరూప పక్కన నిలబడి నేర్చుకున్నవాడే. ఇప్పుడు అతను సీఐ. ఆమె ఉద్యోగం వదిలేసి, పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు చేసుకుంటున్న ప్రైవేటు డిటెక్టివ్. ఈ తేడా అతనికి బాగానే గుర్తుంది. ఆమెకి కుర్చీ వేయించడానికి కూడా కాస్త ఆలోచించాడు.

“చొక్కానే చూస్తున్రు అక్కా ఎప్పటిసంది. అది మాట్లాడదు,” అన్నాడు.

ఈ నూనె ఏంటని అడిగింది స్వరూప. ఒంటరి ముసలాయన, తనే వండుకుంటాడు, నూనె చిందదా అన్నాడతను. మరి మసి? గ్యాసు పొయ్యి మీద వండితే మసి ఎక్కణ్ణించి వస్తుంది? ప్రేమ్‌సాగర్ ఫోను తీసి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా గొంతు పెంచాడు.

“దనహా. గిది సిరియాక్ అనే పాత భాష మాటట. అర్థం, ఉదయించుడు, వెలుగు కనపడుడు. జనవరి ఆరున పండుగ. ఏసుప్రభువు నదిల బాప్తిస్మం తీసుకున్న దినం. దానికి ముందు రాత్రి కేరళ క్రిస్టియన్లు నదులల్ల, చెరువులల్ల స్నానం చేస్తరు. ఇగో, చదువుకోన్రి. నేను రాసింది కాదు.”

అతను అక్కడితో ఆగలేదు. చర్చి ఫాదర్‌ని కూడా అడిగాడట. ఆయనా నిజమేనన్నాడట. పోస్టుమార్టంలో నీళ్ళు మింగి చనిపోయాడని వచ్చింది. మెడ వెనక కమిలిన గుర్తు ఉంది కానీ అది రాయి తగిలి కావచ్చు. చలికాలం, వయసు మళ్ళిన మనిషి, చీకటి. ఇంక ఏం కావాలి? సాయంత్రం నాలుగింటికి సమాధి. అది కాగానే ఫైలు మూసేయడమే.

స్వరూపకి ఒళ్ళు మండింది. ఊపిరితిత్తుల్లోని నీళ్ళు నదివా నల్లావా అని పరీక్ష చేయించమంది. దాని ఫలితం వచ్చేదాకా శవాన్ని ఆపమంది.

“ఆపుడు అల్కగనే ఉంటది. రేపు వాళ్ళ మతపోల్లంత స్టేషన్ ముంగట కూసుంటే ఎస్పీ సారుకు మీరు జవాబు చెప్తరా? మీరే నేర్పిన్రు నాకు, అనుమానం కాదు, వస్తువు తెమ్మని. నాలుగింటి లోపట వస్తువు తెండ్రి, ఆపుత.”

తను నేర్పిన మాటే తన మొహాన కొడుతున్నాడు. అందులో తప్పు పట్టడానికి లేదు, అదే ఇంకా మంట. స్వరూప చొక్కాను స్టేషన్ సంచిలో పెట్టి, బల్ల మీదే వదిలి లేచింది. గుమ్మం దగ్గర ఆగి ఒక్కటే అడిగింది. “స్నానానికి పోయిండని నీకు మొదాల ఎవరు చెప్పిన్రు?”

ప్రేమ్‌సాగర్ నవ్వాడు. “మీరిప్పుడు డిపార్ట్‌మెంటు కాదు గదా అక్కా. కేసుల ఉన్నది బయటోల్లకు ఎట్ల చెప్త?”

ఆ ప్రశ్నకి జవాబు అక్కడే వచ్చి ఉంటే ఆ రోజు మరోలా ముగిసేది. ఒక మగవాడి పంతం వల్ల రాలేదు.

మార్చురీ బయట సిమెంటు బెంచీ మీద నిఖిత కూర్చుని ఉంది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఉబ్బిపోయాయి. పక్కన రిత్విక్ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. గనుల్లో చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. ఏప్రిల్‌లో వీళ్ళిద్దరి పెళ్ళి. స్వరూప రావడం చూసి అతనే తన చేతిరుమాలుతో బెంచీ తుడిచి, కూసోండి మేడం అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లగాడు అనుకుంది స్వరూప.

ఆమె అడిగేవి సూటిగా అడిగింది. నిఖిత కూడా దాచలేదు. పోయిన నెల నుంచీ తండ్రికీ తనకీ మాటల్లేవు. పెళ్ళికి మొదట ఒప్పుకున్నవాడే, ఉన్నట్టుండి ఇప్పుడొద్దు, ఆపు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అతను మనవాడు కాదనా అని ఆమె నిలదీసింది. తండ్రి ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఆదివారం రాత్రి తనే చేశాడు. రేపు దనహా, సాయంత్రం ఇంటికి రా బిడ్డా, నీకొకటి చూపియ్యాలె అన్నాడు. ఈమె రానంది.

“నేను పోయుంటే అప్ప నదికి పోకపోవు మేడం. ఒక్కడే ఉండబట్కె పోయిండు. నా మీద కోపంతోని పోయిండో, దుఃఖంతోని పోయిండో. గా నీళ్ళల్లకు నేనే పంపినట్టు.”

ఈ పిల్లకి కావలసింది న్యాయం కూడా కాదు. తండ్రి చావు తన మెడకి చుట్టుకుందా లేదా అన్న ఒక్క సంగతి. అది తేలకుండా ఆయన్ని మట్టిలో పెట్టేస్తే, ఆ మట్టి ఈమె జీవితమంతా మోస్తుంది. వృత్తిలో ఇలాంటి జాలి పనికిరాదని స్వరూప తనకి తనే చెప్పుకుంది.

మీ నాన్న ప్రతి ఏడూ ఆ రాత్రి నదికి వెళ్ళేవాడా అని అడిగింది. నిఖితకి తెలియదు. అమ్మ పోయినప్పుడు తను రెండో తరగతి. అప్పటి నుంచి కరీంనగర్‌లో హాస్టలే. క్రిస్మస్ సెలవులు జనవరి మొదట్లోనే అయిపోయేవి. దనహా నాటికి ఎప్పుడూ హాస్టల్లోనే ఉండేది. ఆ పండుగ తన ఇంట్లో ఎలా జరిగేదో కూతురికే తెలియదు.

“మామయ్యకు భక్తి ఎక్కువ మేడం,” అన్నాడు రిత్విక్ మెల్లగా. “ఆయనకు నేను నచ్చలే, అది నా తలరాత. ఇప్పటిదాంక ఆ ఇంట్ల అడుగు పెట్టనియ్యలే. అయినా నిఖిత చెప్పిందని మొన్న ఆదివారం చర్చికి పోయిన. మామయ్యకు దండం పెట్టిన. ఫాదర్ గీ పండుగ సంగతి మంచిగ చెప్పిండు.” అంటూనే నిఖిత భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

సోమవారం సాయంత్రం ఎక్కడున్నావని అతన్నీ అడిగింది స్వరూప, అడగాలి కాబట్టి. మంచిర్యాలలో దోస్తు ఇంట్లో అన్నాడు. ఇంటి తాళం చెవి నిఖిత దగ్గర తీసుకుంది. నేను వచ్చి చూపిస్తా మేడం అని రిత్విక్ బయల్దేరబోయాడు. అవసరం లేదు, ఈమె దగ్గరే ఉండు అంది స్వరూప.

వర్కీ ఇల్లున్న వాడ సగం ఖాళీ. ఓపెన్‌కాస్ట్ గని పెరుగుతూ వస్తోంది, ఇళ్ళు దాని కింద పోతాయి. చాలామంది తలుపులు కిటికీలు కూడా పీక్కుని వెళ్ళిపోయారు. మిగిలింది ఈ చివర వర్కీ ఇల్లు, ఆ చివర పోశవ్వ అనే ముసలామె, ఆమె బర్రె. సాక్షులు కావాలంటే ఇంక గోడల్నే అడగాలి.

తలుపు తీయగానే చర్చి వాళ్ళ తెలుగు క్యాలెండర్ కనబడింది. ఆరో తేదీ గడిలో ఎర్ర అక్షరాలతో ‘దనహా’ అని అచ్చు. కింద ఒక్క వివరణ లేదు. తెలిసినవాళ్ళకి ఆ ఒక్క మాటా చాలు, తెలియనివాళ్ళకి ఏం చెప్పినా దండగ అన్నట్టుంది వాళ్ళ లెక్క. వంటింట్లో గిన్నెలో కూర పులిసిపోయింది. బల్ల మీద రెండు కంచాలు, రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. ఒకటి కూతురి కోసం అనుకుంది స్వరూప. రానన్న తర్వాత కూడా, వస్తుందేమోనని పెట్టుకున్నాడా ఆ తండ్రి? నిఖితకి ఈ సంగతి చెప్పకూడదనుకుంది.

నదికి పోయి అర్ధరాత్రి ఎప్పుడో తిరిగొచ్చి తినేవాడు ఇలా ముందుగానే కంచాలు పెట్టుకుంటాడా? పెట్టుకోవచ్చు. ఇదీ వస్తువు కాదు. ప్రేమ్‌సాగర్ నవ్వేస్తాడు.

పెరట్లో సిమెంటు గోలెం ఉంది. మనిషి నడుము దాకా వస్తుంది. చుక్క నీరు లేదు. అడుగున నాచు కూడా లేదు, ఎవరో రాచి రాచి కడిగారు. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వాడలో ఎవరైనా గోలెం ఎండబెట్టుకుంటారా? స్వరూప వంగి లోపలి అంచు తడిమింది. మెడ వెనక కమిలిన గుర్తు కళ్ళ ముందు మెదిలింది. ఒక మనిషిని వెనక నుంచి మెడ పట్టి ఇందులోకి వంచితే, నీళ్ళు మింగే చస్తాడు. డాక్టరు అబద్ధం రాయలేదు. ఏ నీళ్ళో అడగలేదు, అంతే.

ముందు వాకిట్లో మధ్యగా ఒకచోట మన్ను మెత్తగా తగిలింది. గుంట తీసి పూడ్చారు. పైన చెప్పు కాలితో తొక్కారు. వేలితో కెలికి వాసన చూస్తే నూనె. చొక్కా మీది నూనె ఇదేనని ఆమెకి అనిపించింది. కానీ వాకిట్లో గుంటకీ నూనెకీ ఏమిటి సంబంధం? ఏదో మొక్క నాటాడా? నాటిందేది మరి?

దానికి జవాబు పోశవ్వ కొట్టంలో దొరికింది, అదీ అడగకుండానే. కేరళ సారు మంచోడు బిడ్డా, నా బల్బు ఎన్ని సార్లు బాగు చేసిచ్చిండో అని ముసలామె చాలాసేపు ఏడ్చింది. సోమవారం దీపాలు పెట్టే వేళకే తిని పడుకుంది, కళ్ళు ఆనవు, ఏమీ చూడలేదు. బండి చప్పుడు మాత్రం వినబడిందట, రెండుసార్లు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, బర్రె వైపు తిరిగి అంది.

“గా దినం పొద్దుగాల సారు ఇంటి ఎనుక గోడ అవుతల అరటి బోదె పడి ఉండె. బర్రెకు పెడ్దామని ఇడ్సుకొచ్చిన. వాసన జూసి మూతి తిప్పుకున్నది. నూనె కంపు. గా మూలకే పడేసిన, నాకేం తెల్సు ఎవలు పడేసిన్రో.”

స్వరూప మూలలో గడ్డి పక్కకి నెట్టింది. మనిషి ఛాతీ ఎత్తున అరటి బోదె, రెండు కొసలూ కత్తితో సాపుగా నరికి ఉంది. ఒక కొసకి మన్ను అంటుకుంది. చుట్టూ వరసలు వరసలుగా చిల్లులు. కొన్నింట్లో విరిగిన వెదురు పుల్లలు ఇంకా గుచ్చుకునే ఉన్నాయి. పుల్లల కొసలు కాలి నల్లబడ్డాయి, వాటి పైన బోదె చర్మం కమిలింది. ఒక పుల్ల దగ్గర మట్టి ప్రమిద పెంకు అతుక్కుని ఉంది.

అంటే దీని నిండా దీపాలు వెలిగాయి. దీపాలు వెలిగించాలంటే చీకటి పడాలి. చీకటి పడ్డాక కూడా వర్కీ నదికి పోలేదు, తన వాకిట్లో ఈ బోదె చుట్టూ తిరుగుతూ, చొక్కా చేతులకి నూనె, మసి అంటించుకుంటూ ఉన్నాడు. ఆ తర్వాత ఎవరో దీన్ని పీకి, గుంట పూడ్చి, గోడ అవతల పారేశారు. ఎందుకు చేశాడో, దీని అర్థమేమిటో ఆమెకి తెలియదు. పారేసినవాడికీ తెలియదని మాత్రం అర్థమైంది. తెలిస్తే కాల్చి బూడిద చేసి ఉండేవాడు.

బోదెను పరదాలో చుట్టి కారు డిక్కీలో పెట్టింది. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దు అవ్వా అని పోశవ్వ చేత ఒట్టు వేయించుకుంది. నేనెవలకు చెప్తా, నాతోని మాట్లాడేది బర్రె ఒక్కటే అంది పోశవ్వ.

చర్చి ముందు టెంటు వేస్తున్నారు. కుర్చీలు దించుతున్నారు. ఫాదర్ జోబిన్ ముప్పై దాటని మనిషి, ఈ చర్చికి వచ్చి ఏడాదే అయింది. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నట్టు మాట్లాడతాడు. స్వరూప ఆయన్ని పక్కకి పిలిచి, డిక్కీ దగ్గరికి తీసుకెళ్ళే ముందే అడిగేసింది.

“దనహా రాత్రి స్నానం చేస్తారని పోలీసులకి మీరు చెప్పారా ఫాదర్?”

“చెప్పాను. మీవాళ్ళు ఆ రాత్రి నదిలో స్నానం చేస్తారట కదా, నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను.”

“వర్కీ చేసేవాడా అని అడగలేదా?”

“లేదు.”

“మీరు చెప్పలేదా?”

“నాకు తెలియదు మేడం గారు. మాది కేరళలో పాలా వైపు. మా ఊళ్ళో చేస్తారు, చిన్నప్పుడు నేనూ చేశాను, చలికి వణుకుతూ. మొన్న ఆదివారం ప్రసంగంలో అదే చెప్పాను, అందరికీ నచ్చింది.”

స్వరూప డిక్కీ తెరిచి పరదా విప్పింది. ఫాదర్ మొదట ఏదో చెత్త చూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి చాపి ఒక చిల్లులో వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. వర్కీ ఏ ఊరివాడో మీకు తెలుసా అని ఆమె అడిగితే, ఇరింజాలకుడ వైపు అన్నాడు. అని, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తప్పు నాది అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. క్యాలెండర్లో మాట ఒక్కటే. ఉదయించడం అనే దాని అర్థమూ ఒక్కటే. కానీ ఆ మాట విన్నప్పుడు మనుషులు చేసే పని ఊరిని బట్టి వేరు. దక్షిణాన వాళ్ళ వైపు దనహా అంటే రాత్రి స్నానం. ఉత్తరాన ఇరింజాలకుడ వైపు దనహా అంటే అరటి బోదె పండుగ. వాకిట్లో బోదె పాతుతారు, వెదురు పుల్లలు గుచ్చి దీపాలు పెడతారు, ఇంటిల్లిపాదీ పాట పాడుతూ దాని చుట్టూ తిరుగుతారు. వెలుగు వచ్చింది అని వాళ్ళు చెప్పుకునే తీరు అది. నదికి పోవడమనేది ఉండదు. దీపాలు వెలుగుతుంటే ఇల్లు వదిలిపెట్టి వెళ్ళేవాళ్ళే ఉండరు.

“ఇక్కడివాళ్ళకి మేమందరం కేరళవాళ్ళమే. పోలీసులు అలా అడిగారంటే అర్థం ఉంది. నేనూ అలాగే ఆలోచించాను. నా ఊరు ఒక్కటే కేరళ అన్నట్టు జవాబు చెప్పాను.”

ఆయన కళ్ళు తడిశాయి. స్వరూపకి ఓదార్చే తీరిక లేదు. హంతకుడి బుర్ర ఎలా పనిచేసిందో ఇప్పుడు ఆమెకి తేటగా కనబడుతోంది. వాడు ఆదివారం ఈ చర్చిలోనే కూర్చున్నాడు. ప్రసంగం విన్నాడు. దనహా అంటే నది అని మనసులో రాసుకున్నాడు. సోమవారం రాత్రి వర్కీ వాకిట్లో దీపాలు గుచ్చిన బోదె కనబడితే, ఇదేదో ముసలాయన సరదా అనుకున్నాడు. కథ చెడకుండా దాన్ని పీకి పారేశాడు. ఆ ఇంటితో ఏ కాస్త చనువు ఉన్నవాడైనా ఈ పొరపాటు చేయడు.

మరి వర్కీ మీతో ఏమన్నా అన్నాడా అని ఆఖరుగా అడిగింది. అది పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, రహస్యంగా అన్నది కాదు, చర్చి మెట్ల మీద అన్నది, కాబట్టి చెప్తాను అన్నాడు ఫాదర్. ఆదివారం పూజ అయ్యాక వర్కీ ఆగి, సోమవారం రాత్రి నా ఇంటికి ఒక మనిషిని పిలిచాను ఫాదర్ అన్నాడట. ఆ మనిషి వల్ల ఒక పేదవాడి ప్రాణం పోయింది, గుండెపోటని చెప్పి దాచేశారు. కరెంటు పని చేసినవాణ్ణి, శవం మీది ఆ కాలిన గుర్తు ఏమిటో నాకు తెలియదా అన్నాడట. దీపాల ముందు నిలబెట్టి అడుగుతాను, వాడే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే స్టేషన్ దాకా నేనే తోడు పోతాను అన్నాడట. పేరు చెప్పలేదు. నదికి పోయాడని పోలీసులు అనేసరికి, ఆ మనిషి రాలేదేమో అనుకున్నాడట ఫాదర్.

రెండో కంచం కూతురిది కాదన్నమాట. తనని చంపబోయేవాడి కోసం కంచం బోర్లించి పెట్టుకున్నాడు ఆ పిచ్చి మనిషి.

వెంటనే ప్రేమ్‌సాగర్‌కి ఫోన్ చేసింది. వస్తువు దొరికింది, సమాధి ఆపు, చర్చికి రా అంది. ఎట్లయినా అక్కడికే వస్తున్న అక్కా, దారిలున్న అన్నాడతను. తర్వాత చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. ఆదివారం ఈ చర్చికి ఎవరెవరు వచ్చారో ఆరా తీయాలి. కానీ స్వరూప ముందు నిఖితకి ఫోన్ చేసింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్నదంతా ఆ క్షణాన మరిచిపోయింది. బెంచీ మీద కూర్చున్న ఆ పిల్ల మొహమే గుర్తుంది. ఇంకొక్క గంట కూడా ఆ బరువు మోయనక్కర్లేదని చెప్పాలనిపించింది.

“నిఖితా, ఇను బిడ్డా. మీ అప్ప నదికి పోలే. నీ మీద కోపంతోని పోలే, దుఃఖంతోని పోలే. ఆ రాత్రి ఇంట్లనే ఉండె. నీకు చూపియ్యాలన్నది దీపాలు. వాకిట్ల దీపాలు ముట్టించిండు. ఎవరో వచ్చి ఆయన్ని చంపి నదికాడికి మోసుకపోయిన్రు.”

అవతల సన్నగా ఏదో రొద ఉంది. స్వరూప పట్టించుకోలేదు.

“దీపాలా?” అంది నిఖిత. గొంతు చిన్నపిల్ల గొంతు అయిపోయింది. “అప్ప భుజం మీద కూసోని దీపాల చుట్టు తిరిగిన మేడం నేను. అమ్మ కూడ ఉండె. ఎన్నటిదో. అది కలనుకుంటనే ఉన్న ఇన్నొద్దులు.”

“కల కాదు బిడ్డా.”

నిఖిత ఏడ్చింది. నిన్నటి ఏడుపు కాదది. స్వరూప కళ్ళు తుడుచుకుని, తొందరగా చర్చికి రమ్మంది. సమాధి ఆపిస్తున్నామని చెప్పింది.

“కారుల ఉన్న మేడం. అప్పను మట్టిల పెట్టేకంటె ముందు, ఆయన పోయిన కాడ పూలు ఏసి వద్దామన్నడు రిత్విక్. నదికాడికి తీస్కపోతుండు. స్పీకర్ల పెట్టిన, ఆయన కూడ ఇంటుండు.”

ఆ సన్నని రొద ఏమిటో ఇప్పుడు తెలిసింది, ఇంజిను. స్వరూపకి ఒక్క క్షణం ఏ అనుమానమూ రాలేదు. పాపం, మంచి ఆలోచనే అనుకుంది కూడా. అప్పుడు రిత్విక్ గొంతు వినబడింది. మార్చురీ బయట ఎంత మెత్తగా మాట్లాడాడో అంతే మెత్తగా.

“మేడం, గా అరటి బోదె మీరు ఇంక ఎవలకన్న చూపిచ్చిన్రా?”

దీపాలన్నది ఆమె. వాకిలి అన్నది. అరటి బోదె అనే మాట ఆమె నోట రాలేదు. పోశవ్వ చెప్పదు, ఫాదర్ తన ఎదుటే ఉన్నాడు. ఆ ఇంట్లో అడుగు పెట్టలేదన్న మనిషికి ఆ బోదె ఎక్కడిది?

“నిఖితా, కారు ఆపి దిగు. ఇప్పుడే దిగు,” అంది స్వరూప.

ఫోన్ అప్పటికే తెగిపోయింది. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

పోలీసు జీపు టెంటు పక్కన ఆగింది. ప్రేమ్‌సాగర్ దిగి, టోపీ సర్దుకుంటూ, ఏదక్కా వస్తువు అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు.

“స్నానం మాట నీకు మొదాల ఎవరు చెప్పిన్రు?”

ఈసారి అతను పంతానికి పోలేదు. “అల్లుడు గాబోయే పిలగాడు. రిత్విక్. శవం దొరికిన అర్ధగంటకే వచ్చి, మామయ్య ఏటేట గీ రాత్రి నదికి పోతడని చెప్పిండు.”

“నిఖితను నదికాడికి తీస్కపోతుండు, పోనియ్యి,” అంటూ స్వరూప అతని కంటే ముందే జీపెక్కింది. ఎందుకని అతనూ అడగలేదు. ఒక పిల్లని ఓదార్చాలన్న తొందరలో, తను చెప్పిన నాలుగు ముక్కలతో, హంతకుడి చేతికి అన్నీ అందించానని ఆమెకి తెలుసు. నది ఇక్కడికి ఎంతో దూరం లేదు. వాళ్ళు ఎప్పుడు బయల్దేరారో తెలియదు.

జీపు తిరిగేసరికి వర్కీ శవపేటిక ఆంబులెన్సులో గేటు లోపలికి వస్తోంది. కూతురి కోసం ఆగాలా అని ఎవరో ఫాదర్‌ని అడుగుతున్నారు. గంట కొట్టే మనిషి అప్పటికే తాడు లాగేశాడు.